ఇక్కడే ఎందుకు? పళవేర్కాడు చెప్పే ఆర్థిక భూగోళం



మన ఇళ్లలో డిగ్రీలో చేరిన పిల్లల్లో కొందరికి మొదటి ఏడాదే ఆర్థిక భూగోళం అనే పేపరు ఉంటుంది. వాళ్లను అడిగి చూడండి, దాదాపు ఒకే మాట చెబుతారు. పుస్తకం తెరిస్తే జర్మనీలో రూర్ లోయ, అమెరికాలో పిట్స్‌బర్గ్ ఉక్కు, బ్రెజిల్ కాఫీ. గుండ్రంగా గీసిన వలయాలు, ఆరు మూలల బొమ్మలు, నోరు తిరగని జర్మన్ పేర్లు. పరీక్షకు బట్టీ పట్టడం, ఆ తరవాత మరిచిపోవడం. "ఇందులో మనూరి సంగతి ఒక్కటీ లేదు" అంటారు.

మేము చెప్పదలచుకున్నది దీనికి సరిగ్గా ఎదురు మాట. ఆ పేపరులోని ప్రతి పాఠానికీ పళవేర్కాడులో ఉదాహరణ ఉంది. చదివేవాళ్లకు అది చూపించినవాళ్లు లేరు, అంతే. ఈ శాస్త్రమంతా ఒక్క ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ పని ఇక్కడే ఎందుకు జరుగుతోంది, అక్కడ ఎందుకు జరగడం లేదు? ఈ ప్రశ్నను పట్టుకుని మన సరస్సు ఒడ్డున నడిస్తే 400 ఏళ్ల చరిత్ర తనంతట తానే విప్పుకుంటుంది.

ముందు ఒక పాత సంగతి చెప్పాలి. 1915లో మదరాసు విశ్వవిద్యాలయానికి గిల్బర్ట్ స్లేటర్ అనే ఇంగ్లీషు ఆచార్యుడు వచ్చాడు. భారత ఆర్థిక శాస్త్రం బోధించడం ఆయన పని. అప్పటికి ఆ పాఠాలకు ఉన్న పుస్తకాలు ఎక్కువగా ఇంగ్లండు గురించినవే. ఆయన ఒక ఉపాయం చేశాడు. 1916లో తన విద్యార్థుల చేతికి ఒక ప్రశ్నల పట్టిక ఇచ్చి, ఎవరి పల్లెకు వాళ్లు వెళ్లి జవాబులు రాసుకు రమ్మన్నాడు. ఏ పంట పండుతుంది, కూలి ఎంత, అప్పు ఎవరిస్తారు, వడ్డీ ఎంత, సంత ఎంత దూరం, సరుకు ఎలా పోతుంది, ఇలాంటి ప్రశ్నలు. కుర్రాళ్లు ఊళ్లకు వెళ్లారు, తిరిగారు, అడిగారు, రాశారు. అవన్నీ కలిపి 1918లో పుస్తకంగా అచ్చయ్యాయి.

కథ అక్కడితో ఆగలేదు. 20 ఏళ్ల తరవాత పి.జె. థామస్, కె.సి. రామకృష్ణన్ అదే పల్లెలను మళ్లీ సర్వే చేయించారు. ఆ పుస్తకం 1940లో వచ్చింది. విళుప్పురం దగ్గరి ఇరువేల్‌పట్టు, కాంచీపురం దగ్గరి దూసి వంటి ఊళ్లకు 1980లలో పరిశోధకులు మరోసారి వెళ్లారు. పల్లె ఎలా మారుతుందో తెలుసుకోవాలనుకునే వాళ్లు ఈనాటికీ ఆ ఊళ్ల పేర్లు తలుస్తారు. ఒక కుర్రాడు సెలవుల్లో రాసుకొచ్చిన హోంవర్కు వందేళ్ల కొలబద్ద అయింది. ఆ ఊరి గొప్పేమీ లేదు, ఆ ఊరి పిల్లవాడు రాసి పెట్టాడు, అంతే.

ఆ పల్లెల జాబితాలో పళవేర్కాడు లేదు. మన గురించి రాసినవాళ్లు లేకపోలేదు. డచ్చివాళ్లు రాశారు, ఇంగ్లీషువాళ్లు రాశారు. కానీ వాళ్లు రాసింది వాళ్లకు కావలసిన లెక్క. ఎన్ని బేళ్ల గుడ్డ, ఎంత ధర, ఏ ఓడ, అంతవరకే.

ఇక పాఠాల్లోకి వద్దాం. మొదటి ప్రశ్న, డచ్చివాళ్లు ఇక్కడికే ఎందుకు వచ్చారు?

డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. వాళ్లకు కావలసినవి ఇండోనేసియా దీవుల్లోని లవంగం, జాజికాయ, మిరియం. ఆ దీవుల జనం వీటికి బదులు కోరింది కోరమాండల్ తీరపు గుడ్డ. చిరివేరు ఎరుపు అద్దిన గుడ్డ, గళ్ల గుడ్డ, రంగు చెరగని గుడ్డ. అంటే సుగంధ ద్రవ్యం కొనాలంటే ముందు మన నేతగాళ్ల దగ్గరికి రావాలి. అలా వాళ్లు మొదట మచిలీపట్నం, నిజాంపట్నం తీరాలకు వచ్చారు. 1610లో విజయనగర రాజు రెండవ వెంకటపతిరాయల అనుమతితో పళవేర్కాడులో దిగారు. రెండేళ్లకే పోర్చుగీసువాళ్లు వచ్చి ఆ కొట్టును ధ్వంసం చేస్తే, 1613లో కోట కట్టుకున్నారు. అదే గెల్డ్రియా కోట. 1690లో నాగపట్నానికి తరలేవరకు కోరమాండల్ తీరంలో డచ్చివారి ముఖ్య స్థానం ఇదే.

రేవు వెనక ఉండి, దానికి సరుకు పంపే ప్రాంతాన్ని పుస్తకంలో హింటర్‌ల్యాండ్ అంటారు. రేవుకు బలం నీళ్లలోంచి రాదు, వెనకున్న నేలలోంచి వస్తుంది అన్నది పాఠం. పళవేర్కాడుకు ఆ నేల మగ్గాలున్న పల్లెలు. మరి ఆ మగ్గానికీ ఈ ఓడకూ నడుమ ఎవరున్నారు? మన తెలుగు వర్తకులు. 17వ శతాబ్దం మొదటి సగంలో మలయ చెట్టి, ఆయన తరవాత ఆయన తమ్ముడు చిన్నన్న చెట్టి డచ్చివారికి గుడ్డ సమకూర్చిన పెద్ద దళారులు. సొంత ఓడలు నడిపారు, నాయక రాజుల దగ్గర పన్నుల గుత్తలు పట్టారు, యుద్ధాల్లోనూ రాయబారాల్లోనూ వేలు పెట్టారు. నేతగాడికి బయానా ఇవ్వాలంటే అతని ఊరు తెలియాలి, భాష తెలియాలి, నమ్మకం ఉండాలి. అది కోటలో కూర్చున్న డచ్చివాడికి లేదు. వీళ్లకు ఉంది. వ్యాపారంలో నడుమనున్నవాడి విలువ ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా మంచి పాఠం దొరకదు.

ఆ గుడ్డ జాడ నేటికీ ఉంది. మలేసియాలో, ఇండోనేసియాలో మగవాళ్లు కట్టుకునే గళ్ల లుంగీని 'కైన్ పెలికాట్' అంటారు. పులికాట్ గుడ్డ అని అర్థం. మలేసియాలోని మన తెలుగు బంధువులను అడగండి, వాళ్లకు ఆ గుడ్డ తెలుసు. దాని పేరులో ఉన్నది మన ఊరే అని ఎందరికి తెలుసో మరి.

ఇదే రేవు నుంచి మనుషులు కూడా సరుకుగా పోయారని చెప్పకపోతే చరిత్ర సగమే చెప్పినట్టు. కరువు, యుద్ధం వచ్చినప్పుడల్లా పిడికెడు గింజల కోసం బిడ్డలను, తమను తాము అమ్ముకున్నవాళ్లను డచ్చి ఓడలు బటావియాకు, అంటే నేటి జకార్తాకు, బానిసలుగా తీసుకుపోయాయి. ఆ ఊరి సమాధుల మీద చెక్కిన పుర్రె బొమ్మలు చూడడానికి వచ్చేవాళ్లకు మనవాళ్లు ఈ సంగతి కూడా చెప్పాలి.

రెండో ప్రశ్న మొదటిదానికన్నా గట్టిది. ఇంత పెద్ద రేవు కదా, మరి మహానగరం ఇక్కడ ఎందుకు పుట్టలేదు? 50 కిలోమీటర్లు దక్షిణాన ఎందుకు పుట్టింది?

ఇంగ్లీషువాళ్లు మొదట పళవేర్కాడులోనే డచ్చివాళ్ల పక్కన సర్దుకోవాలని చూశారు, కుదరలేదు. 1626లో సరస్సుకు ఉత్తరపు కొసన, నెల్లూరు సీమలో, నేటి దుగరాజపట్నం దగ్గర ఆర్మగాన్ అనే చోట దిగారు. అక్కడ గుడ్డ సరిగా దొరకలేదు. ఫ్రాన్సిస్ డే కొత్త చోటు వెతుక్కుంటూ దక్షిణానికి వచ్చాడు. 1639లో దామెర్ల నాయక సోదరులు మదరాసపట్నంలో చోటు ఇచ్చారు. వాళ్ల తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం. అక్కడ సరస్సు లేదు, ఓడ నిలిచే మరుగు లేదు. నట్టసముద్రంలో లంగరు వేసి, అలల మీద మసూలా పడవల్లో సరుకు దించుకోవాలి. రేవు గోడలు కట్టడం మొదలైంది 19వ శతాబ్దం చివరి పాతికేళ్లలో. అంతవరకు రెండు శతాబ్దాలకు పైగా రేవు లేని రేవుపట్నమే అది.

అంటే ప్రకృతి ఇచ్చిన వసతి ఒక్కటే ఊరి జాతకం రాయదన్న మాట. గుడ్డ చౌకగా దొరకడం, నేతగాళ్లను పిలిచి ఇళ్లు కట్టించడం, ఒకసారి జనం చేరాక ఆ జనం కోసమే మరింత జనం రావడం, ఇవీ నగరాన్ని పెంచేవి. పాల్ క్రుగ్‌మన్ అనే అమెరికన్ ఆచార్యుడు 2008లో నోబెల్ బహుమతి అందుకున్నది వ్యాపారం, ఆర్థిక భూగోళం మీద చేసిన పనికే. ముందున్నవాడు ముందుకే పోతాడు, ఎందుకంటే అందరూ అక్కడికే చేరతారు అన్న సంగతిని ఆయన లెక్కగా చూపించాడు. మన పిల్లలు ఆ పాఠం చదివేటప్పుడు ఆర్మగాన్, పళవేర్కాడు, మదరాసు అనే మూడు చుక్కలు పటం మీద పెట్టుకుంటే చాలు.

దుగరాజపట్నం కథకు ఒక కొసరు ఉంది. 2014 నాటి ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలో అక్కడే కొత్త పెద్ద రేవు కడతామని రాశారు. పక్కనే శ్రీహరికోట రాకెట్ కేంద్రం ఉంది, ఈ వైపు సరస్సు ఉంది. ఆ రేవు రాలేదు. అక్కడే ఎందుకు, అక్కడ ఎందుకు కాదు అన్న ప్రశ్న 1626లోనూ వచ్చింది, 2014లోనూ వచ్చింది.

మూడో పాఠం పిల్లలను ఎక్కువగా తికమక పెట్టే వలయాలది. ఫాన్ ట్యూనెన్ అనే జర్మన్ భూస్వామి 1826లో రాసిన పుస్తకంలోది. నగరానికి ఆనుకుని పాలు, కూరగాయలు. రెండో వలయంలో కట్టెలు. ఆ తరవాతే ధాన్యం. 'నగరం పక్కన ఇంత విలువైన నేలలో కట్టెలేమిటి?' అని ప్రతి విద్యార్థీ అడుగుతాడు. కట్టె బరువెక్కువ, ధర తక్కువ. దూరం నుంచి బండి మీద తెస్తే బండి కూలి కట్టె ఖరీదును మింగేస్తుంది. అందుకని దగ్గరే ఉండాలి. అయితే పడవలు నడిచే నీటిదారి ఉంటే ఆ వలయం దారి పొడుగునా సాగుతుందని కూడా ఆయనే చెప్పాడు.

దీనికి బొమ్మ మన బకింగ్‌హామ్ కాలువ. 1806లో మదరాసు నుంచి ఎన్నూరు వైపు తవ్విన చిన్న కాలువ అది. ఆ తరవాత మన సరస్సు గుండా ఉత్తరానికి సాగింది. 1877-78 కరువులో కూలి కోసం వచ్చిన జనం చేత తవ్వించిన భాగాలతో కలిసి, అప్పటి గవర్నరు పేరు పెట్టుకుంది. ప్రకాశం సీమలోని పెదగంజాం నుంచి దక్షిణాన మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు. శ్రీహరికోట అడవి కట్టెలు, తీరపు సరుగుడు, ఉప్పు, ధాన్యం, సున్నానికి కావలసిన గుల్ల ఈ కాలువ మీదే పడవల్లో మదరాసు చేరాయి. పట్నంలో ఎవరి పొయ్యి మండాలన్నా ఇక్కడి కట్టె, ఎవరి గోడ నునుపు తేలాలన్నా ఇక్కడి గుల్ల సున్నం. సరస్సు ఒడ్డున సున్నాంబుకుళం అనే ఊరే ఉంది, పేరులోనే సున్నం. ట్యూనెన్ వలయం ఎలా సాగుతుందో ఇంత చక్కగా చూపించే చోటు పుస్తకంలో లేదు, మన పెరట్లో ఉంది.

తరవాత రైలు వచ్చింది. మదరాసు నుంచి బెజవాడ పోయే దారి పొన్నేరి, గుమ్మిడిపూండి, తడ, సూళ్లూరుపేట మీదుగా పోయింది, పళవేర్కాడును తాకలేదు. సంత, తాలూకా కచేరీ, కాలేజీ, ఫ్యాక్టరీ అన్నీ రైలు ఉన్న వైపు పెరిగాయి. సరుకు కాలువ దిగి రైలెక్కింది, అక్కడి నుంచి లారీ ఎక్కింది. 17వ శతాబ్దంలో జావాకు దగ్గరగా ఉన్న ఊరు 20వ శతాబ్దంలో పొన్నేరికి దూరమైంది. పటం మీద దూరం మారలేదు, చేరే దారి మారింది. దగ్గర, దూరం అంటే మైళ్లు కావు, ఖర్చూ కాలమూ అని పుస్తకం చెప్పేది ఇదే.

నాలుగో పాఠం సరస్సు లోపల ఉంది, బయటివాళ్ల కంటికి కనిపించదు. నీళ్లకు గట్టు లేదు కదా, ఎవరైనా ఎక్కడైనా వల వేసుకోవచ్చు అనుకుంటారు. కాదు. కొన్ని జాలరి కుప్పాలవాళ్లు తరతరాలుగా 'పాడు' అనే కట్టుబాటు నడుపుకుంటున్నారు. రొయ్య బాగా పడే చోట్లను గుర్తించి, చీటీ వేసి, వంతుల మీద పంచుకుంటారు. ముఖద్వారం దగ్గరి మంచి చోటు ఒక్కడికే శాశ్వతం కాదు, అందరికీ వంతు వస్తుంది. కొట్లాట తగ్గుతుంది, వలల సంఖ్య అదుపులో ఉంటుంది. అయితే ఆ వంతు ఆ కుప్పాల మగవాళ్లకే. ఆడవాళ్లకు లేదు, వేరే కులాలవాళ్లకు లేదు. నడుముల్లోతు నీళ్లలో చేతులతో తడిమి రొయ్యలు పట్టి, పళ్లతో కరిచిపెట్టుకున్న బుట్టలో వేసుకునే ఇరుళ ఆడవాళ్లకు ఏ చీటీలోనూ పేరు లేదు. కట్టుబాటు మేలు, కట్టుబాటు గోడ, రెండూ ఒకే చోట కనిపిస్తాయి.

ఐసు వచ్చాక ఈ కట్టుబాటు మీద బరువు పడింది. అంతకు ముందు మిగిలిన చేపను ఎండబెట్టడమే, ఎండు చేపకు తొందర లేదు. ఐసు, లారీ, ఎగుమతి కలిసేసరికి రొయ్యకు ఎక్కడో పరదేశంలో ధర పలికింది. ఆ ధర వినగానే ఇదివరకు సరస్సులో దిగనివాళ్లు కూడా దిగారు. మాకూ వంతు కావాలన్నారు. రెండు వైపులా న్యాయం ఉన్న తగువు అది. ధర ఒక్కటి మారితే ఊరి లోపలి హక్కులు ఎలా కదులుతాయో మన పిల్లలు పుస్తకంలో చదవనక్కర్లేదు, ఎవరి ఇంట్లోనైనా తాతను అడిగితే చాలు.

ఐదో పాఠం సరిహద్దు. 1960 ఏప్రిల్ 1న ఆంధ్రప్రదేశ్, మదరాసు రాష్ట్రాల హద్దులు మారాయి. చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి ఇటు వచ్చింది. చెంగల్పట్టు జిల్లాలోని పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాల తెలుగు పల్లెలు కొన్ని సత్యవేడు వైపు అటు పోయాయి. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రలో, ముఖద్వారం ఉన్న దక్షిణపు కొస తమిళనాడులో నిలిచాయి. చేపకు ఆ గీత తెలియదు, వల వేసేవాడికి తెలియక తప్పదు. ఆ గీత వల్ల ఇంకా ఏమయిందో శ్రీసిటీ చూస్తే తెలుస్తుంది. సరుకు ఎగుమతి చేసేది చెన్నై వైపు రేవుల నుంచి, రాయితీలు ఇచ్చింది ఆంధ్ర ప్రభుత్వం. ఫ్యాక్టరీ సరిగ్గా గీత పక్కనే ఎందుకు పుట్టింది అన్న ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. మన సభ్యుల పిల్లలు కొందరు రోజూ ఆ గీత దాటి పనికి పోతున్నారు.

ఆరోది ఇంకా రాయని పాఠం. దక్షిణాన ఎన్నూరు రేవు 2001లో మొదలైంది. దాని పక్కనే కాట్టుపళ్లి రేవు వచ్చింది. దాన్ని ఇంకా పెంచాలన్న ప్రతిపాదన మీద జాలరి పల్లెలు అభ్యంతరం చెబుతూ వచ్చాయి. తీరంలో ఒకచోట గోడ కడితే ఇసుక నడక మారుతుంది, మరోచోట ఒడ్డు కోసుకుపోతుంది, ముఖద్వారం పూడితే సరస్సుకు ఊపిరి ఆడదు అన్నది వాళ్ల భయం. ఉద్యోగాలు వస్తాయి, రోడ్లు వస్తాయి అన్నది రెండో వైపు మాట. ఎవరి లెక్క ఎంత నిజమో తేల్చడానికి కావలసింది ఊరి లెక్క. ఏ నెలలో ముఖద్వారం పూడుతుంది, ఎన్ని పడవలు ఆగిపోతాయి, ఏ చేప ఏ ఏడాది నుంచి కనిపించడం లేదు, ఏ ఇంటికి ఎంత అప్పు. ఇవి మన పెద్దల నాలుక మీద ఉన్నాయి, కాగితం మీద లేవు. కాగితం మీద లేనిది విచారణలో చూపించడం కష్టం.

ఇక్కడే మన తెలుగు సంగతి వస్తుంది. మన పిల్లలు బడిలో భూగోళం తమిళంలో చదువుతున్నారు, కాలేజీలో ఇంగ్లీషులో చదువుతున్నారు. సరస్సు మాటలు మాత్రం ఇంట్లో, అమ్మమ్మ నోట తెలుగులో ఉన్నాయి. గాలుల పేర్లు, దీవుల పేర్లు, లోతులకు గుర్తులు, చేపల ఈడును బట్టి మారే పేర్లు. స.వెం. రమేశ్ గారు 'ప్రళయకావేరి కథలు' రాయబట్టి ఈ సరస్సుకు మన భాషలో ఉన్న పేరు లోకానికి తెలిసింది. తమిళం మనకు బతుకునిచ్చిన భాష, దానితో పేచీ లేదు. కానీ మూడు భాషల్లో దేనిలోనూ రాయని జ్ఞానం ఒక్క తరంతో పోతుంది. స్లేటర్ శిష్యులు పల్లెలో అడిగింది తమ ఇంటి భాషలోనే, రాసింది ఇంగ్లీషులో. మన పిల్లలు రెండూ చేయగలరు.

అందుకని మా విన్నపం. ఈ పేపరు చదువుతున్న పిల్లలున్న ఇళ్లలో, ఈ సెలవుల్లో ఒక్క ఊరు, ఒక్క నోటుబుక్కు. ప్రశ్నలు ఇవి:

మీ తాతల కాలంలో ఊరి నుంచి బయటికి పోయిన సరుకేమిటి, ఏ దారిన పోయింది, ఎవరు కొన్నారు?

ఇప్పుడు పోతున్న సరుకేమిటి? దాని ధర ఎవరు చెబుతారు?

ఐసు ఊళ్లోకి ఎప్పుడు వచ్చింది? కరెంటు? బస్సు?

కాలువ మీద ఆఖరి సరుకు పడవను చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

సరస్సులో వంతులు ఎలా పంచేవారు, ఎవరికి వంతు ఉండేది కాదు?

అప్పు ఎక్కడ పుట్టేది, వడ్డీ ఎంత, తీర్చలేకపోతే ఏమయ్యేది?

పెళ్లి సంబంధాలు ఎంత దూరం వెళ్లేవి, 1960 తరవాత ఆ దూరం మారిందా?

ఊరు వదిలి పోయినవాళ్లు ఏ పనికి, ఏ ఊరికి పోయారు?

చెప్పినవాళ్ల మాట చెప్పినట్టే తెలుగులో రాయండి. పక్కన తేదీ, ఊరి పేరు వేయండి. పేరు చెప్పవద్దన్నవాళ్ల పేరు రాయవద్దు. అప్పు, కులం సంగతులు అడిగేటప్పుడు ఇంటి పెద్దలను వెంట తీసుకువెళ్లండి. ఇద్దరు రెండు రకాలుగా చెబితే రెండూ రాయండి, తీర్పు చెప్పవద్దు.

పుస్తకాలు నిండాక సంఘానికి ఒక ప్రతి ఇవ్వండి, అన్నీ ఒకచోట భద్రం చేద్దాం. ఇరవై ఏళ్ల తరవాత ఇంకెవరి పిల్లలో అవే ప్రశ్నలతో అవే గుమ్మాలు ఎక్కుతారు. అప్పుడు వాళ్ల చేతిలో పోల్చి చూసుకోవడానికి ఒక పాత లెక్క ఉండాలి.